జూన్‌లో ఊరంతా పుట్టినరోజే!

తెలంగాణ పుట్టింది జూన్‌లో. పీవీ నరసింహారావు పుట్టింది జూన్‌లో. బడి రిజిస్టర్లు తిరగేస్తే మహదేవపూర్ పెద్దమనుషులు ఎందరో పుట్టిందీ జూన్‌లోనే. తొలకరితో పాటు తేదీలనూ మోసుకొచ్చే ఈ నెలలో నవ్వుకోవడానికి బోలెడన్ని ముచ్చట్లున్నాయి. మనసారా తలుచుకోవాల్సిన మనుషులూ అంతమంది ఉన్నారు.

మహదేవపూర్‌లో చెట్టు కింద గద్దె మీద కూర్చున్న నలుగురు పెద్దమనుషులను ఆధార్ కార్డులు తీయమనండి. ఒకరిది జూన్ 1, ఇంకొకరిది జులై 1, మూడో ఆయనది జూన్ 15, నాలుగో ఆయనది జనవరి 1. నిజంగా ఆ రోజే పుట్టారా అని అడిగితే నలుగురూ ఒక్కసారే నవ్వుతారు. "ఏమో బిడ్డా, సారు రాసిండు" అంటారు. కాటారంలో అడిగినా, మంథనిలో అడిగినా, గోదావరి వంతెన దాటి సిరొంచలో అడిగినా వచ్చే జవాబు దాదాపు ఇదే.

ఆ సారు ఎవరు, ఆ తేదీ ఎలా రాశారు, దాని వెంట ఎన్ని జీవితాలు నడిచాయి అన్నది మన పల్లెల చరిత్రలో ఎంతో ఇష్టంగా చెప్పుకోవాల్సిన అధ్యాయం. దాంతోపాటే జూన్‌లో పుట్టినరోజులు జరుపుకొనే రాష్ట్రం, బరాజ్, ప్రధాని, రచయిత, రాజు, చివరికి నది కూడా ఈ కథలోకి వస్తారు.

చెవి అందితే అయిదేళ్లు

అప్పట్లో కాన్పులు ఇంట్లోనే. మంత్రసాని చేతుల్లో పుట్టిన బిడ్డకు దవాఖాన చీటీ ఉండదు, పంచాయతీలో నమోదు ఉండదు. ఆ బిడ్డ పేరు సర్కారు కాగితం మీద మొదటిసారి పడేది బడిలో చేరిన రోజే. బడి తెరిచేది జూన్‌లో. విత్తనాలు సిద్ధం చేసుకుంటూ, మబ్బు వైపు చూస్తూ, మధ్యలో ఒక పూట వీలు చేసుకొని తండ్రి పిల్లవాడిని వెంటబెట్టుకొని బడికి వచ్చేవాడు.

సారు బల్ల మీద పొడవాటి ప్రవేశ రిజిస్టరు ఉండేది. వరస సంఖ్య, పిల్లవాడి పేరు, తండ్రి పేరు, కులం, మాతృభాష. ఇంతవరకు కలం ఆగకుండా సాగేది. చిక్కంతా ఆ తర్వాతి గడి దగ్గరే. పుట్టిన తేదీ అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి రాయాలి. అక్కడ జరిగే సంభాషణ ఏ ఊళ్లోనైనా ఇంచుమించు ఇట్లాగే ఉండేది.

"పిలగాడు ఎప్పుడు పుట్టిండు?"

"జొన్న కోతలప్పుడు సారూ."

"ఏ ఏడు?"

"మా నాయిన పోయిన ఏడు."

"మీ నాయిన ఎప్పుడు పోయిండు?"

"వీడు పుట్టిన ఏడే సారూ!"

ఇక ఇట్లా తేలదని సారు పిల్లవాడిని దగ్గరికి పిలిచేవారు. కుడిచేయి నెత్తి మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమనేవారు. పిల్లవాడు మెడ వంచకుండా, భుజం ఎగరేయకుండా, వేళ్లు చాచి ప్రయత్నించాలి. చెవి కొస అందిందంటే బడికి వచ్చే వయసైనట్టు. అందకపోతే "వచ్చే ఏడు తోలుకరా" అని వెనక్కి పంపేవారు. పక్కన నిలబడ్డ తండ్రి "ఇంకొంచెం గుంజురా" అని ఉసిగొల్పడం, పిల్లవాడు తలను మెల్లగా పక్కకు వాల్చి చెవినే వేలి దగ్గరికి తేవడం, సారు చూసీ చూడనట్టు నవ్వడం ఆ తరం వాళ్లు ఇప్పటికీ మురిసిపోతూ చెప్పుకొనే ముచ్చట.

ఆ పరీక్ష ఉత్త వేడుక కాదు. పసిపిల్లల్లో తల పెద్దగా, చేతులు పొట్టిగా ఉంటాయి. అయిదారేళ్ల వయసుకు వచ్చేసరికి చేతులు సాగి అవతలి చెవికి అందుతాయి. పుట్టిన తేదీ కాగితాలు లేని ఆఫ్రికా దేశాల్లోనూ పిల్లలను బడిలో చేర్చుకోవడానికి ఇదే పరీక్ష పెట్టేవారు. మన సారు చేతిలో ఉన్న కొలతబద్ద పిల్లవాడి చెయ్యే. ఆ కొలతతో వయసు తేల్చి, ఆనాటి తేదీ నుంచి అయిదేళ్లు వెనక్కి లెక్కేసేవారు. చేరింది జూన్‌లో కాబట్టి పుట్టింది కూడా జూన్‌లోనే అయ్యేది. అన్నదమ్ములిద్దరిని ఒకే రోజు తీసుకొస్తే కాగితం మీద వాళ్లు కవలలయ్యే ప్రమాదం ఉండేది. జాగ్రత్తగల సారు పెద్దవాడిని ఒక ఏడాది వెనక్కి జరిపి తమ్ముడి ముందు వాడి పెద్దరికం నిలబెట్టేవారు.

కొన్నిచోట్ల ఇంకో మేలు కూడా జరిగేది. "ఒక్క ఏడు తక్కువ రాద్దాం, రేపు నౌకరికి అక్కరకొస్తది" అని సారే అనేవారు. చెప్పుల్లేని కాళ్లతో ముందు నిలబడ్డ పిల్లవాడు ఏదో ఒకనాడు సర్కారు కొలువు చేస్తాడని, ఆ కొలువులో అదనంగా ఒక ఏడాది ఉండాలని తల్లిదండ్రుల కంటే ముందు కలగన్నది ఆయనే. మన ఊళ్లలో జూన్ పుట్టినరోజులు ఇన్ని ఉండటానికి మూలం ఆ ఆపేక్ష.

ఒక్క రోజు తేడా, ఒక నెల జీతం

సారు కలం కొసన తేలిన ఆ తేదీ పదో తరగతి మెమో మీదికి, అక్కడి నుంచి ఉద్యోగం సర్వీసు పుస్తకంలోకి వెళ్లి స్థిరపడుతుంది. ప్రభుత్వ ఉద్యోగి పదవీ విరమణ వయసు నిండిన నెల చివరి రోజున దిగిపోతారు. నెల మొదటి తేదీన పుట్టినవాళ్లు మాత్రం అంతకుముందు నెల ఆఖరి రోజునే దిగిపోవాలి. కాబట్టి జూన్ 1 అని రాసి ఉన్నవారికి మే 31నే సన్మానం. జూన్ 2 అని రాసి ఉన్నవారికి జూన్ 30 దాకా కొలువు, ఇంకో నెల జీతం. ఏళ్ల కిందట గుండ్రంగా ఉందని సారు ఒకటో తేదీ రాస్తే, దాని ఫలితం శాలువా కప్పించుకొనే రోజు తెలుస్తుంది. అయినా ఆ వేదిక మీద నిలబడి తమను బడిలో చేర్చుకున్న సారును తలుచుకొని కళ్లు తుడుచుకునేవాళ్లే ఎక్కువ.

ఇది మన ఒక్క ప్రాంతం ముచ్చట కాదు. కేరళలో బడులు జూన్ 1న తెరుస్తారు. అందుకే అక్కడ ఏటా మే 31న వేలమంది ఉద్యోగులు ఒకేసారి పదవీ విరమణ చేస్తారు. ఆ సాయంత్రం ఏ ఆఫీసు చూసినా పూలదండలే. ఇక తేదీ చిక్కు దేశ సైన్యాధిపతి దాకా వెళ్లిన కథ కూడా ఉంది. జనరల్ వి.కె. సింగ్ పుట్టింది మే 10న అన్నదాంట్లో ఎవరికీ తగవు లేదు. ఒక కాగితంలో 1950 అని, మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్‌లో 1951 అని ఉండటంతో వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 2012 ఫిబ్రవరిలో ఆయన పిటిషన్ ఉపసంహరించుకున్నారు. అదే ఏడాది మే 31న పదవీ విరమణ చేశారు.

ఆధార్ వచ్చాక తేదీ తెలియక వయసు మాత్రమే చెప్పిన ఎందరికో జనవరి 1 వచ్చి చేరింది. దాంతో కొత్త సంవత్సరం రోజు పుట్టినవాళ్లతో ఊళ్లు నిండిపోయాయి. బడి తేదీ, ఆధార్ తేదీ వేరువేరుగా ఉంటే ఏది చెల్లుతుంది? 2024 అక్టోబర్‌లో ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు బడి విడుదల సర్టిఫికెట్‌లోని తేదీనే లెక్కలోకి తీసుకుంది. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని చెప్పింది. కంప్యూటర్ తేదీ మీద సారు కలం గెలిచింది.

క్యాలెండర్ లేకున్నా లెక్క ఉంది

తేదీ తెలియదన్న మాట నిజమే కానీ, మన అవ్వలకు కాలం తెలియదనుకుంటే పొరపాటే. "రోహిణి ఎండల్ల పుట్టింది" అంటే మే 25 నుంచి జూన్ 8 లోపు. "మిరుగంల పుట్టిండు" అంటే మృగశిర కార్తె, జూన్ 8 నుంచి రెండు వారాలు. ఆ వెంటనే ఆరుద్ర. కార్తెలు సూర్యుడి నడకను పట్టి వస్తాయి కాబట్టి ఏటా దాదాపు అవే తేదీలకు వస్తాయి. అంటే అవ్వ చెప్పిన కార్తె పుట్టుకను పక్షం రోజుల్లోపు పట్టిస్తుంది. బడి రిజిస్టరు కంటే చాలాసార్లు అదే నిజానికి దగ్గర. మృగశిర మొదటి రోజు ఇంటింటా చేపల కూర వండే ఆచారం ఉండనే ఉంది. ఆ రోజు పుట్టిన బిడ్డ పుట్టినరోజును మరిచిపోవడం గోదావరి ఒడ్డున ఎవరి తరమూ కాదు.

నెల దొరికింది, మరి ఏడు? దానికి ఊరు ఉమ్మడిగా గుర్తుపెట్టుకున్న గుర్తులున్నాయి. పాత తరానికి రజాకార్ల కాలం. ఆ తర్వాతి వాళ్లకు 1969 తెలంగాణ ఉద్యమం. నడివయసు వాళ్లకు 1986 గోదావరి పెద్ద వరద. ఆ ఆగస్టు 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. ఈ తరం పిల్లలకు 2022 జులై వరద ఆనవాలుగా మిగులుతుంది. కాళేశ్వరం ప్రాజెక్టు కన్నెపల్లి పంపుహౌస్ మునిగిన ఏడు పుట్టిందని రేపు ఏ తల్లి అయినా చెప్తే అందులో సందేహానికి తావు ఉండదు.

మేడారం జాతర ఇంకో పెద్ద గుర్తు. రెండేళ్లకోసారి, మాఘ పున్నమికి వచ్చే జాతర ఇటీవలి దశాబ్దాల్లో సరిసంఖ్య ఏళ్లలోనే జరుగుతోంది. ఉమ్మడి వరంగల్, కరీంనగర్ పల్లెల్లో ఏ వీధిలో పిలిచినా ఒక సమ్మయ్య, ఒక సారయ్య, ఒక సమ్మక్క పలుకుతారు. మొక్కుకొని పెట్టిన పేర్లు కొన్నయితే, జాతర రోజుల్లో పుట్టినందుకు పెట్టినవి మరికొన్ని. పేరునే పుట్టినరోజు చీటీగా బిడ్డ మెడలో వేసి పంపిన తల్లుల తెలివికి చేయెత్తి మొక్కాలి.

చదువుకున్న ఇళ్లలో తెలుగు సంవత్సరం పేరు చెప్తారు. "పరాభవ నామ సంవత్సరంలో పుట్టిన" అని ఒకాయన అంటే ఆయన 1966 ఉగాది తర్వాత ఏడాదిలో పుట్టినట్టు. అరవై పేర్ల చక్రం పూర్తిగా తిరిగి 2026 ఉగాదికి మళ్లీ పరాభవ వచ్చింది. పుట్టిన ఏడాది పేరు తిరిగి రావడమే షష్టిపూర్తి. ఈ పద్ధతిలో ఇబ్బంది ఒక్కటే. పేరు మాత్రమే చెప్తే ఆ మనిషి ఈ ఏడు పుట్టాడో, అరవై ఏళ్ల కిందట పుట్టాడో ముఖం చూసి తేల్చుకోవాలి.

జూన్ 2: ఇల్లు మారలేదు, రాష్ట్రం మారింది

జూన్ నెలకు పెద్ద పండుగ రాష్ట్ర అవతరణ దినోత్సవం. మండల కార్యాలయాల్లో జెండా ఎగురుతుంది, బడి పిల్లలకు మిఠాయిలు పంచుతారు. తెలంగాణ పుట్టుకకు మాత్రం సారు ఊహించి రాయాల్సిన అవసరం రాలేదు. ప్రతి అడుగుకూ తేదీ ఉంది. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో, 20న రాజ్యసభలో బిల్లు ఆమోదం పొందింది. మార్చి 1న రాష్ట్రపతి సంతకం పడింది. జూన్ 2 అపాయింటెడ్ డే అయింది. ఆ రోజు పుట్టిన బిడ్డలకు ఏటా జెండా పండుగే పుట్టినరోజు పండుగ.

మహదేవపూర్‌లో ఎనభై ఏళ్లు దాటిన అవ్వ ఒకరిని ఊహించుకోండి. ఆమె నిజాం రాజ్యంలో పుట్టింది. 1948 సెప్టెంబర్ 17న హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. 1956 నవంబర్ 1న ఆమె ఆంధ్రప్రదేశ్ మనిషి అయింది. 1985లో తాలూకా పోయి మండలం వచ్చింది. 2014లో తెలంగాణ వచ్చింది. 2016 అక్టోబర్ 11న, దసరా నాడు, కరీంనగర్ జిల్లా పోయి జయశంకర్ భూపాలపల్లి జిల్లా వచ్చింది. పొయ్యి అదే, వాకిలి అదే, చెట్టు అదే. ఇన్ని రాష్ట్రాలు, ఇన్ని జిల్లాలు ఆమె గడప దగ్గరికే వచ్చాయి. ఏ రాజధానికీ ప్రయాణం కట్టకుండా ఇంత చరిత్ర చూసిన ఆ అవ్వ పుట్టినరోజు మాత్రం ఏ గెజిట్‌లోనూ లేదు.

జూన్ 21: పొడవైన రోజు, నిండుగా గుర్తులు

ఏడాదిలో పగలు ఎక్కువగా ఉండే రోజు జూన్ 21. మహదేవపూర్‌లో ఆ రోజు పగలు పదమూడు గంటలు దాటుతుంది. ఈ ప్రాంతానికి అన్ని గంటలూ కావాల్సిందే, తలుచుకోవాల్సినవి అన్ని ఉన్నాయి.

1991 జూన్ 21న పీవీ నరసింహారావు ప్రధానిగా ప్రమాణం చేశారు. నేడు మహదేవపూర్ ఉన్న మంథని నియోజకవర్గం నుంచే ఆయన 1957 మొదలు వరసగా నాలుగుసార్లు శాసనసభకు గెలిచారు. 2011 జూన్ 21న ఆచార్య కొత్తపల్లి జయశంకర్ కన్నుమూశారు. 1934 ఆగస్టు 6న అక్కంపేటలో పుట్టి, జీవితమంతా తెలంగాణ కోసమే మాట్లాడిన ఆయన పేరే ఈ జిల్లాకు పెట్టారు. ఆయన పోయిన రోజుకూ రాష్ట్రం వచ్చిన రోజుకూ మధ్య దూరం మూడేళ్లకు పంతొమ్మిది రోజులు తక్కువ. ఆ లెక్క వేసిన ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది. 2015 నుంచి అదే తేదీ అంతర్జాతీయ యోగా దినోత్సవం. 2019 జూన్ 21న మహదేవపూర్ మండలంలోనే మేడిగడ్డ బరాజ్ దగ్గర కాళేశ్వరం ప్రాజెక్టును ప్రారంభించారు. పక్క రాష్ట్రాల ముఖ్యమంత్రులు కూడా వచ్చిన ఆ రోజు గోదావరి ఒడ్డు జాతరయింది.

85 గేట్ల ఆ బరాజ్‌లో 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాకు పియర్లు కుంగాయి. అప్పటి నుంచి దాని పుట్టినరోజు వచ్చినప్పుడల్లా ఊరి మాట మరమ్మతుల చుట్టే తిరుగుతోంది. భూములిచ్చిన రైతులు, నీళ్ల కోసం ఎదురుచూసే రైతులు ఇద్దరూ ఈ మండలంలోనే ఉన్నారు. జూన్ 21న ఈ ఊరికి ఇవ్వదగ్గ అసలైన బహుమతి ఆ బరాజ్ భవిష్యత్తు మీద స్పష్టమైన మాట.

జూన్ 28: పీవీ, రమణ, ఒక దేశం వయసు

పీవీ పుట్టింది 1921 జూన్ 28న, లక్నేపల్లిలో. 1991లో ఎన్నికల్లో పోటీ చేయకుండా, ఢిల్లీ వదిలి వెళ్లడానికి పుస్తకాలు సర్దుకున్న మనిషి ప్రధాని అయ్యారు. అప్పటికి డెబ్బై ఏళ్లు నిండటానికి సరిగ్గా వారం ఉంది. ఇక చాలనుకున్న వయసులో దేశం ఆయనను పిలిచి కొత్త పని అప్పగించింది. ఆ నవంబర్‌లో నంద్యాల ఉప ఎన్నికలో అయిదు లక్షలకు పైగా మెజారిటీ ఇచ్చి తెలుగువాళ్లు ఆయనకు పుట్టినరోజు కానుక కొంత ఆలస్యంగానే అయినా గట్టిగా ఇచ్చారు. 2024లో భారతరత్న ప్రకటించారు.

సరిగ్గా పదేళ్ల తర్వాత, 1931 జూన్ 28న, అదే గోదావరికి దిగువన ధవళేశ్వరంలో ముళ్లపూడి వెంకటరమణ పుట్టారు. కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకున్న నీళ్లే ఆయన ఊరి ఆనకట్టను తాకుతాయి. ఒకరు మౌనానికి పేరుపడ్డ ప్రధాని, ఇంకొకరు నోరు మూతపడని బుడుగును సృష్టించిన రచయిత. ఇద్దరినీ ఒకే తేదీన తెలుగు ఇళ్లకు పంపిన జూన్ నెలకు దండం పెట్టాలి.

ఆ తేదీకి ప్రపంచంలో ఇంకో విశేషం ఉంది. దక్షిణ కొరియాలో పాత పద్ధతి ప్రకారం బిడ్డ పుట్టగానే ఒక ఏడాది వయసు. ప్రతి జనవరి 1కి ఇంకో ఏడాది. డిసెంబర్ 31న పుట్టిన పసికందుకు తెల్లారేసరికి రెండేళ్లు వచ్చేవి. 2023 జూన్ 28 నుంచి అధికారిక పనులకు అంతర్జాతీయ పద్ధతినే వాడాలని చట్టం తెచ్చారు. కోట్ల మంది ఒక్క రోజులో కాగితం మీద ఏడాదో, రెండేళ్లో చిన్నవాళ్లయ్యారు. కొరియా పార్లమెంటు చట్టం చేసి ఇచ్చిన వరాన్ని మన బడి సార్లు ఎప్పుడో ఒక్క కలంపోటుతో ఇచ్చేశారు.

రాజుకూ జూనే, దేవుడికీ రెండే

పుట్టింది ఒక రోజు, పండుగ ఇంకో రోజు అని మన పెద్దలు మొహమాటపడనక్కరలేదు. ఎలిజబెత్ రాణి పుట్టింది 1926 ఏప్రిల్ 21న, దేశం వేడుక చేసింది ఏటా జూన్‌లో. రాజు ఛార్లెస్ పుట్టింది నవంబర్ 14న, అధికారిక పుట్టినరోజు కవాతు మళ్లీ జూన్‌లోనే. నవంబర్‌లో పుట్టిన ఏడో ఎడ్వర్డ్ రాజు, చలిలో వేడుకలెందుకని ఎండాకాలానికి మార్చిన నాటి నుంచి ఆ అలవాటు నిలిచిపోయింది. ఎండ బాగుంటుందని అక్కడ, బడి తెరుస్తారని ఇక్కడ. బకింగ్‌హామ్ రాజప్రాసాదానికీ మహదేవపూర్ బడికీ ఈ ఒక్క విషయంలో తేడా లేదు.

సంగీత దర్శకుడు ఇళయరాజా పుట్టింది జూన్ 3న. అది తనకు ఇసైజ్ఞాని అని బిరుదిచ్చిన కరుణానిధి పుట్టినరోజు కూడా. పెద్దాయన మీద గౌరవంతో ఇళయరాజా ఒక రోజు ముందుకు జరిగి జూన్ 2న జరుపుకొంటారు. ఆ విధంగా ఆయన పుట్టినరోజు మన రాష్ట్రం పుట్టినరోజుతో కలిసింది. జూన్ 4 ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పుట్టినరోజు, 1946లో. జూన్ 10 బాలకృష్ణది, 1960లో. జూన్ మొదటి పది రోజులు మన పాటలకూ ఫ్లెక్సీలకూ తీరిక ఉండదు.

దేవుళ్ల సంగతి చూడండి. కొండగట్టు అంజన్నకు రెండు జయంతులు. చైత్ర పున్నమికి చిన్న జయంతి, వైశాఖ బహుళ దశమికి పెద్ద జయంతి. తిథులు జరుగుతూ ఉంటాయి కాబట్టి 2024లో పెద్ద జయంతి సరిగ్గా జూన్ 1న వచ్చింది. ఆ ఏడాది బడి రిజిస్టరు తేదీగల పెద్దమనుషులందరూ అంజన్నతో కలిసి పుట్టినరోజు చేసుకున్నట్టయింది.

నదికీ ఏళ్లు నిండుతాయి

కాళేశ్వరంలో నదులకూ పన్నెండేళ్ల పండుగ ఉంది. గురుడు సింహరాశిలోకి వస్తే గోదావరికి, మీనంలోకి వస్తే ప్రాణహితకు, మిథునంలోకి వస్తే అంతర్వాహిని సరస్వతికి పుష్కరాలు. ఒకే ఒడ్డున మూడు నదులకు మూడు పండుగలు. 2015లో గోదావరి, 2022లో ప్రాణహిత, 2025 మే నెలలో సరస్వతి పుష్కరాలు జరిగాయి. గురుడు సూర్యుడిని చుట్టి రావడానికి పట్టే కాలం పన్నెండేళ్ల కంటే కాస్త తక్కువ, 11.86 ఏళ్లు. అందుకే పుష్కరం తేదీ ప్రతిసారీ ముందుకు జరుగుతుంది. గోదావరి పుష్కరాలు 2003లో జులై 30న మొదలయ్యాయి, 2015లో జులై 14న. 2027లో జూన్ చివరి వారానికే వచ్చేస్తున్నాయి. ఊరందరితో పాటు గోదావరి కూడా జూన్‌లోకి చేరుతోంది.

ఆ ఒడ్డునే ముక్తేశ్వరస్వామి గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి యముడిది, ఒకటి శివుడిది. ముందు యముడికి మొక్కి, ఆ తర్వాతే ముక్తేశ్వరుడికి మొక్కడం ఆచారం. ప్రతి మనిషి పుట్టిన ఘడియ తప్పు లేకుండా రాసి ఉండేది యముడి కొలువులో చిత్రగుప్తుడి చిట్టాలోనే అంటారు. మన తేదీల తికమకలన్నింటికీ జవాబు తెలిసిన దేవుడు మన మండలంలోనే కొలువై ఉన్నాడు. ఆయన దగ్గర నకలు తీసుకొనే వీలే లేదు కాబట్టి, మన చిట్టా మనమే సరిగ్గా రాసుకోవాలి.

రాయించడమే మర్యాద

తేదీ లేకపోవడం నవ్వుకొనే విషయంగానే మిగలదు. వృద్ధాప్య పింఛనుకు వయసు చాలలేదని వెనక్కి వచ్చిన అవ్వకు, ఆధార్‌లో కొడుకు కంటే చిన్నదైపోయిన తల్లికి, మెమోకూ ఆధార్‌కూ పొంతన కుదరక ఉద్యోగం దరఖాస్తు ఆగిపోయిన యువకుడికి అది ఆఫీసుల చుట్టూ తిరిగే కష్టం. అడవి అంచు గూడేల్లో ఆ కష్టం ఇంకా ఎక్కువ.

ఇప్పుడు దారి తేలికైంది. బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము లేదు. ఊళ్లో ఆ పని పంచాయతీ కార్యదర్శిది. దవాఖానలో పుడితే వివరాలు అక్కడి నుంచే వెళ్తాయి, పేరు చేర్పించి సర్టిఫికెట్ తీసుకోవడమే మన పని. ఏడాది దాటితే మాత్రం ఆర్డీవో ఆఫీసు మెట్లెక్కాలి. 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్ట సవరణ ప్రకారం, ఆ తేదీ నుంచి పుట్టినవారికి బడి ప్రవేశం, ఓటరు జాబితా, డ్రైవింగ్ లైసెన్సు, పెళ్లి నమోదు, సర్కారు కొలువు అన్నింటికీ జనన ధ్రువీకరణ పత్రమే ఆధారం. రేపటి పిల్లవాడి చెవిని చూసి వయసు తేల్చే సారు ఉండరు. ఆ కాగితం లేకపోతే వాడి తరఫున మాట్లాడేవారూ ఉండరు.

ఇక పెద్దవాళ్ల సంగతి. వాళ్లు చెప్పే కార్తె, వరద, జాతర, పుష్కరం అన్నీ ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. నాలుగు గుర్తులు కలిపితే చాలామందికి అసలు పుట్టిన నెల దొరుకుతుంది. దొరకకపోయినా పర్వాలేదు, సారు రాసిన తేదీనే పండుగ చేయండి. ఆ తేదీని ఒక మంచి మనిషి, ఒక పిల్లవాడి భవిష్యత్తును తలుచుకొని రాశాడు. అంతకంటే మంచి ముహూర్తం ఏ పంచాంగంలోనూ దొరకదు.

ఈ జూన్‌లో చేయాల్సినవి రెండే పనులు. కార్డు మీద జూన్ 1 ఉన్న తాతకు కొత్త బట్టలు పెట్టి, కేకు కోయించి, ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టండి. ఆ మర్నాడే ఇంట్లో పుట్టిన పసిబిడ్డ పేరుతో పంచాయతీ ఆఫీసుకు వెళ్లి, పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ సరిగ్గా ఉందో లేదో చూసుకొని సర్టిఫికెట్ ఇంటికి తెచ్చుకోండి.